నాటకశాలలో సదస్సు: హాలు తీరు తెలుసుకుని వాడుకోవడం ఎలా

నగరాల్లో నాటకానికీ, సదస్సుకూ, కచేరీకీ ఒకే హాలును అద్దెకు ఇవ్వడం మామూలే. అయితే కట్టినవారు మనసులో పెట్టుకున్నది చాలాసార్లు ఆ మూడింటిలో ఒకదానినే. అదేదో ముందుగా కనిపెట్టగలిగితే, మిగిలిన రెండింటికీ ఎక్కడ చిక్కు వస్తుందో బుకింగ్ రోజునే ఊహించవచ్చు. అందుకే కుర్చీలెన్ని, అద్దె ఎంత అన్న ప్రశ్నలకంటే ముందు ఆ హాలును దేనికోసం కట్టారో అడగాలి.

చెప్పేవారు లేకపోయినా కట్టడమే కొంత చెబుతుంది. వేదిక ముందు పటం చట్రంలాంటి కమాను, ఇరుపక్కలా నటులు వచ్చిపోయే వింగ్స్, తెరలను పైకి లాగి దాచేంత ఎత్తు, వెనుక గ్రీన్ రూములు ఉంటే అది నాటకశాలగా పుట్టినదే. ఇటలీలోని పార్మాలో 1618లో కట్టడం మొదలైన ఫార్నేజే నాటకశాల ఈ కమాను వేదికకు తొలినాటి ఉదాహరణల్లో ఒకటి. నేల చదునుగా ఉండి, కుర్చీలు జరపడానికి వీలుగా ఉంటే సమావేశాలకు కట్టినదనుకోవచ్చు.

పెద్ద హాలు దొరికితే మంచిదే అనుకునేవారు నాట్యశాస్త్రంలోని రెండో అధ్యాయాన్ని ఒకసారి తలచుకోవాలి. మనుషులకు తగిన నాట్యమండపం 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు ఉండాలనీ, అంతకు మించితే మాట స్పష్టంగా వినిపించదనీ, ముఖంలోని భావం కనిపించదనీ అందులో ఉంది. హస్తం అంటే సుమారు 18 అంగుళాలు కాబట్టి, అది దాదాపు 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అందులోనూ సగం నటులకే పోతుంది. మాట సంగతి మైకు చూసుకుంటుంది గాని, ముఖం సంగతి చూసుకోలేదు. సదస్సులో ముఖంతో పాటు తెరమీది అక్షరం కూడా కనిపించాలి. ప్రసంగకర్తల స్లైడ్లలో అన్నిటికంటే చిన్న అక్షరాలున్న దానిని తెరమీద వేయించి, చివరి వరుసలో మూలకుర్చీలో కూర్చుని చదివి చూడాలి. మధ్య వరుసలో నిలబడి చూసి తృప్తిపడితే లాభం లేదు.

ధ్వని విషయంలో మరింత ఓపిక కావాలి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో మాటలు ఒకదానిమీద ఒకటి పడి అర్థం కాకపోవడంతో, కారణం కనిపెట్టే పని వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన మరో నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకు వచ్చి, కొన్ని కొన్నిగా పరుస్తూ, శబ్దం పూర్తిగా అణగడానికి పట్టే కాలాన్ని కొలిచాడు. ఖాళీ గదిలో అది 5 సెకన్లు దాటింది. మాటకు ఒక సెకను దరిదాపుల్లో, పెద్ద వాద్యబృందానికి రెండు సెకన్ల దరిదాపుల్లో ఉంటే బాగుంటుంది. అంటే కచేరీకి గొప్పదని పేరున్న హాలు ప్రసంగానికి అంత గొప్పది కాకపోవచ్చు.

దీనిని పరీక్షించడానికి పరికరాలేవీ అక్కరలేదు. ఒకరు వేదికమీద నుంచి మామూలు వేగంతో ఇరవై, అరవై, పదహారు, పదిహేడు వంటి అంకెలను కలగాపులగంగా చదవాలి. మరొకరు చివరి వరుసలో కూర్చుని రాసుకోవాలి. ఇరవై అరవైగా మారుతూ ఉంటే హాలులో మోత, అంటే శబ్దం వెంటనే అణగకుండా మిగిలిపోవడం, ఎక్కువని అర్థం. అప్పుడు చాలామంది చేసే పని వాల్యూమ్ పెంచడం. దానివల్ల మాటతోపాటు మోత కూడా పెరుగుతుంది. వేదిక వెనుక బరువైన తెర దింపించడం, మైకును నోటికి పిడికెడు దూరంలో ఉంచడం, స్పీకర్లను మైకుకంటే ముందుకు జరపడం మేలు. మనుషుల ఒళ్లు, బట్టలు కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి గనుక నిండిన హాలులో మోత కొంత తగ్గుతుంది.

వెలుతురు దగ్గర నాటకానికీ సదస్సుకూ అసలు పొత్తు కుదరదు. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో ప్రేక్షకులను చీకట్లో కూర్చోబెట్టి వేదికను మాత్రమే వెలిగించిన తరువాత ఆ పద్ధతి క్రమంగా అంతటా పాకింది. సదస్సుకు వచ్చినవారు రాసుకోవాలి కాబట్టి, హాలు దీపాలను సగానికి తగ్గించి ఉంచే వీలుందో లేదో లైట్ల ఆపరేటరును అడగాలి. ముందునుంచి పడే స్టేజీ లైట్లు తెరను పాలిపోయేలా చేస్తాయి. పోడియంను వేదిక అంచుకు జరిపి, ఆ వైపు లైటును మాత్రమే ఉంచుకోవాలి.

ఇక ద్వారాలు. షికాగోలో ఇరోక్వా నాటకశాల తెరిచిన కొన్ని వారాలకే, 1903 డిసెంబరు 30న, అగ్నిప్రమాదంలో 600 మందికి పైగా చనిపోయారు. నిప్పు అంటుకోని భవనమని దానికి ప్రచారం చేశారు. తీరా చూస్తే కొన్ని ద్వారాలకు తాళాలు, కొన్నిటికి అడ్డంగా తెరలు. బయటికి తెరుచుకునే తలుపులు, తోస్తే చాలు విడిపోయే గడియలు ఇలాంటి ప్రమాదాల తరువాతే నియమాల్లో గట్టిపడ్డాయి. అందుకని ముందురోజు సాయంత్రం ప్రతి ద్వారం దగ్గరికీ నడిచి వెళ్లి, తలుపును స్వయంగా తోసి చూడాలి. నమోదు బల్లనూ, బ్యానర్ స్టాండునూ పక్క ద్వారానికి అడ్డంగా పెట్టడం నిర్వాహకులకు అలవాటు. అక్కడ గోడ ఖాళీగా కనిపిస్తుంది మరి. వాటిని అప్పుడే జరిపించి, దారి తెరిచి ఉందని చూసుకున్న తరువాతే హాలు తాళాలు తీసుకోవాలి.