సర్వర్ సెటప్‌లో ఇంటిగ్రేటెడ్ డివైజెస్‌ను అమర్చుకోవడం ఎలా?

సర్వర్ మదర్‌బోర్డుతో పాటే వచ్చే భాగాలు కొన్ని ఉంటాయి: యూఎస్‌బీ పోర్టులు, నెట్‌వర్క్ పోర్టులు, వీడియో చిప్, కార్డులు పెట్టుకునే పీసీఐఈ స్లాట్లు. ఆపరేటింగ్ సిస్టమ్ లోడ్ కాకముందే వీటిలో ఏది పనిచేయాలో, ఏది పనిచేయకూడదో చెప్పే చోటు సిస్టమ్ సెటప్. ఇక్కడ డెల్ పవర్‌ఎడ్జ్ మెనూ పేర్లు వాడుతున్నాను. హెచ్‌పీఈ ప్రోలయంట్‌లో ఎఫ్9, లెనోవో థింక్‌సిస్టమ్‌లో ఎఫ్1 నొక్కాలి. మెనూలు వేరైనా చేసే పని ఒకటే. మోడల్‌ను బట్టి కొన్ని ఆప్షన్లు మీకు కనిపించకపోవచ్చు.

ముందుగా తిరిగి వచ్చే దారి చూసుకోండి

సర్వర్ మీ ఎదురుగా లేకపోతే ఈ అడుగు మరీ ముఖ్యం. ఐడ్రాక్‌లోకి (సర్వర్‌ను దూరం నుంచి నడిపేందుకు డెల్ అందులోనే పెట్టిన యంత్రాంగం) లాగిన్ అయి, సర్వర్ తెరను మీ కంప్యూటర్‌లో చూపించే వర్చువల్ కన్సోల్ తెరుచుకుంటోందో లేదో చూడండి. ఐడ్రాక్ తన సొంత పోర్టు మీద నడుస్తోందా, సర్వర్ నెట్‌వర్క్ పోర్టునే పంచుకుంటోందా అన్నది ఐడ్రాక్ సెట్టింగ్స్‌లో తెలుస్తుంది. తర్వాత, మార్చబోయే పేజీని ఉన్నది ఉన్నట్లుగా ఫొటో తీసుకోండి. పాత విలువ గుర్తుంటుందిలే అనుకోవద్దు, గుర్తుండదు.

లోపలికి వెళ్లడం

సర్వర్‌ను రీస్టార్ట్ చేసి, లోగో కనిపించగానే ఎఫ్2 నొక్కండి. మెమరీ ఎక్కువగా ఉన్న సర్వర్లకు కొన్ని నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టండి. ఎఫ్2 నొక్కడం ఆలస్యమై ఆపరేటింగ్ సిస్టమ్ మొదలైపోతే మధ్యలో పవర్ ఆపవద్దు. పూర్తిగా లోడ్ కానిచ్చి మళ్లీ రీస్టార్ట్ చేయండి. మెనూలో సిస్టమ్ బయాస్, అందులో ఇంటిగ్రేటెడ్ డివైజెస్.

యూఎస్‌బీ, నెట్‌వర్క్ పోర్టులు

యూజర్ యాక్సెసబుల్ యూఎస్‌బీ పోర్ట్స్ వద్ద ఆల్ పోర్ట్స్ ఆన్, ఓన్లీ బ్యాక్ పోర్ట్స్ ఆన్, ఆల్ పోర్ట్స్ ఆఫ్ అనే ఎంపికలుంటాయి. నలుగురూ తిరిగే గదిలో సర్వర్ ఉంటే ముందువైపు పోర్టులు మూసేయడం మంచిది. అన్నీ ఆపేసినా బూట్ సమయంలో కొన్ని పోర్టుల్లో కీబోర్డు పనిచేస్తుంది కాబట్టి ఎఫ్2తో మళ్లీ లోపలికి రావచ్చు. ఇంటర్నల్ యూఎస్‌బీ పోర్ట్ ఇంకో ఆప్షన్. హైపర్‌వైజర్ (ఒకే సర్వర్‌లో పలు వర్చువల్ మెషీన్లను, అంటే కంప్యూటర్లలా పనిచేసే సాఫ్ట్‌వేర్‌లను నడిపేది) ఆ లోపలి డ్రైవ్ నుంచే బూట్ అవుతుంటే దాన్ని తాకవద్దు.

ఎంబెడెడ్ నిక్ (మదర్‌బోర్డుతో వచ్చే నెట్‌వర్క్ పోర్టు) ఆప్షన్ ఉన్న మోడళ్లలో డిజేబుల్డ్ పక్కన ఓఎస్ అని కనిపిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ పోర్టు కనబడదని దాని అర్థం. ఐడ్రాక్ మాత్రం దాన్ని పంచుకుని వాడుకుంటూనే ఉండవచ్చు. అందువల్ల భద్రత కోసం పోర్టును ఆపుతున్నట్లయితే ఐడ్రాక్ ఏ పోర్టు వాడుతోందో కూడా మార్చాలి.

వీడియో దగ్గర నిదానం

ఎంబెడెడ్ వీడియో కంట్రోలర్ వద్ద నేనొకసారి ఇబ్బందిపడ్డాను. కొత్తగా గ్రాఫిక్స్ కార్డు పెట్టిన సర్వర్‌లో, ఇక అవసరం లేదు కదా అని దీన్ని దూరం నుంచే ఆపేశాను. రీస్టార్ట్ అవుతున్నంతసేపూ వర్చువల్ కన్సోల్‌లో అంతా మామూలుగానే కనిపించింది. సరిగ్గా ఆపరేటింగ్ సిస్టమ్ మొదలయ్యే క్షణంలో తెర నల్లబడింది. సర్వర్ చెడిపోయిందనే అనుకున్నాను. నిజానికి అది చక్కగా నడుస్తోంది. ఈ ఆప్షన్‌ను ఆపితే బూట్ సమయంలో రెండు వీడియోల్లోనూ దృశ్యం వస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు ముందు మదర్‌బోర్డు వీడియో ఆగిపోతుంది. వర్చువల్ కన్సోల్ చూపించేది ఆ వీడియోనే. దూరం నుంచి నడిపే సర్వర్లలో దీన్ని ఎనేబుల్డ్‌గానే ఉంచమని గట్టిగా చెబుతాను.

ఒక్కచోట మారిస్తే సరిపోనివి

ఒకే కార్డును పలు వర్చువల్ మెషీన్లకు పంచే పద్ధతి ఎస్ఆర్-ఐఓవీ. ఎస్ఆర్-ఐఓవీ గ్లోబల్ ఎనేబుల్ ఆన్ చేశాక కూడా వర్చువల్ మెషీన్లకు నెట్‌వర్క్ కార్డును పంచలేకపోతున్నామని చాలామంది తల పట్టుకుంటారు. దీనికి మూడు తాళాలున్నాయి. ఇది మొదటిది. ప్రాసెసర్ సెట్టింగ్స్‌లోని వర్చువలైజేషన్ టెక్నాలజీ రెండోది. మెయిన్ మెనూలోని డివైజ్ సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ కార్డుకు వర్చువలైజేషన్ మోడ్‌ను ఎస్ఆర్-ఐఓవీగా పెట్టడం మూడోది.

స్లాట్ బైఫర్కేషన్ కూడా ఇలాంటిదే. నాలుగు ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు (పీసీఐఈ మీద నడిచే వేగవంతమైన స్టోరేజీ) పట్టే సాదా అడాప్టర్ కార్డును ఎక్స్16 స్లాట్‌లో (డేటాకు 16 దారులున్నది) పెడితే ఒకే డ్రైవ్ కనిపించవచ్చు. కార్డు చెడిపోలేదు, స్లాట్‌ను నాలుగు ఎక్స్4 వాటాలుగా విడగొట్టమని సర్వర్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే. ఏ స్లాట్‌లో పెట్టారో నంబరు చూసి దాన్నొక్కదాన్నే మార్చండి. పక్క స్లాట్‌ను మారిస్తే అందులోని కార్డుకు తిప్పలు.

స్లాట్ డిజేబుల్‌మెంట్‌ను మాత్రం, ఏదైనా కార్డు వల్ల బూట్ ఆగిపోతున్నప్పుడో బాగా ఆలస్యమవుతున్నప్పుడో వాడండి. ఎక్కువ మెమరీ స్థలం అడిగే గ్రాఫిక్స్ కార్డులకు మెమరీ మ్యాప్డ్ ఐ/ఓ అబౌ 4 జీబీ ఎనేబుల్డ్‌లో ఉండాలి. ఆపరేటింగ్ సిస్టమ్ స్తంభించిపోతే కోలుకునేందుకు సాయపడే ఓఎస్ వాచ్‌డాగ్ టైమర్‌ను మీ ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకోగలిగితేనే ఆన్ చేయండి.

సేవ్ చేసి సరిచూడటం

ఎస్కేప్ నొక్కి వెనక్కి వస్తే మార్పులు సేవ్ చేయాలా అని అడుగుతుంది. ఎస్ అనండి. సర్వర్ రీస్టార్ట్ అయితేనే అవి అమలవుతాయి. ఒక విడతకు ఒకే మార్పు చేసి, ఆ పరికరం ఆపరేటింగ్ సిస్టమ్‌లో కనిపిస్తోందో లేదో చూశాకే రెండోదాని జోలికి వెళ్లండి. రీస్టార్ట్‌లు పెరుగుతాయి, నిజమే. అయిదు మార్పులు ఒకేసారి చేసి ఏది దెబ్బతీసిందో వెతకడానికి అంతకన్నా ఎక్కువ సమయం పోతుంది.

బూట్ కాకపోతే మళ్లీ ఎఫ్2తో లోపలికి వెళ్లి, ఫొటోలో ఉన్న విలువ పెట్టండి. లోపలికే వెళ్లలేని స్థితి వస్తే పవర్ కేబుళ్లు తీసి, మూత తెరిచి, మదర్‌బోర్డు మీద ఎన్‌వీరామ్ (బయాస్ సెట్టింగులు దాచుకునే మెమరీ) క్లియర్ జంపర్‌ను, అంటే పిన్నులను కలిపే చిన్న తొడుగును వాడాలి. దానితో బయాస్ సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. మీరు మార్చినవే కాదు, బూట్ క్రమం కూడా. అందుకే ఆ పేజీల ఫొటోలు కూడా మొదట్లోనే తీసిపెట్టుకోండి.