ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కారుకు అడాప్టర్ కేబుల్ ఇంట్లోనే చేసుకోవడం ఎలా

బ్యాటరీకి ఎక్స్‌టీ60 రకం ప్లగ్గు, కారు ఈఎస్‌సీకి (మోటారు వేగాన్ని అదుపుచేసే బోర్డు) డీన్స్ టీ-ప్లగ్, ఛార్జరుకేమో 4 ఎంఎం బనానా ప్లగ్గులు. ఒకదానికొకటి తగలవు. భీమవరంలోనో అమలాపురంలోనో కూర్చుని సెకండ్ హ్యాండ్ కారు తెప్పించుకున్నవాళ్లకు ముందుగా వచ్చే చిక్కు ఇదే. రెడీమేడ్ అడాప్టర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి గానీ, చాలావాటిలో వైరు సన్నం. పది సెంటీమీటర్ల కేబుల్ చేసుకోవడమే మేలు.

ముందు మేల్ (పిన్నులున్నది), ఫిమేల్ (ఆ పిన్నులు దూరేది) సంగతి తేల్చుకోండి. కరెంటు వచ్చే వైపు ఎప్పుడూ ఫిమేలే ఉండాలి, అప్పుడే లోహం బయటికి కనపడదు. బ్యాటరీకున్నది ఫిమేల్ కాబట్టి దానికి తగిలించే కొస మేల్, ఈఎస్‌సీ వైపు కొస ఫిమేల్. ఇది తిరగబడితే బ్యాటరీ పెట్టగానే రెండు పిన్నులూ కరెంటుతో బయట ఉంటాయి, తాళంచెవి తగిలినా షార్టే. ఎక్స్‌టీ60లో పిన్నులున్నదాని పెంకు గిన్నెలా ఉంటుంది, అందుకే అమ్మేవాళ్లూ తికమకపడతారు. పేరు కాదు, ఫొటోలో పిన్ను చూసి కొనండి.

540 బ్రష్డ్ మోటారున్న 1/10 (అసలు కారులో పదో వంతు) సైజు కారుకు 14 గేజ్ సిలికాన్ వైరు చాలు. 60 ఆంపియర్ల బ్రష్‌లెస్ ఈఎస్‌సీ అయితే 12 గేజ్ (ఇంకా లావుది) వాడండి. ఇంటి వైరింగుకి వాడే పీవీసీ వైరు వద్దు. ఐరన్ పెట్టగానే దాని తొడుగు ముడుచుకుపోతుంది, వంగీ వంగీ లోపల పోగులు తెగుతాయి. వరిచేలకు మందు కొట్టే డ్రోన్లు బాగుచేసేవాళ్లనీ, ఎలక్ట్రిక్ సైకిళ్లకు బ్యాటరీలు కట్టేవాళ్లనీ అడిగి చూడండి, వాళ్ల పనిలో వాడేదీ ఈ వైరే. హైదరాబాద్ వెళ్లే పనుంటే ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే కోఠి గుజరాతీ గల్లీ ఉంది.

సోల్డరింగ్ ఐరన్ కనీసం 60 వాట్లది కావాలి. రేడియో బోర్డులకు వాడే 25 వాట్ల ఐరన్ వేడిని లావు వైరే లాగేసుకుంటుంది. మీరు పట్టుకుని నిలబడే కొద్దీ ప్లగ్గు నైలాన్ మెత్తబడి పిన్ను పక్కకి ఒరుగుతుంది. అందుకే సోల్డర్ చేసేటప్పుడు జత ప్లగ్గుని ఎదురుగా గుచ్చి ఉంచండి, ఆ జతకి బ్యాటరీ మాత్రం ఉండకూడదు. లెడ్డు 60/40 రోజిన్ కోర్‌ది తీసుకోండి. యాసిడ్ ఉన్న పేస్టు జోలికి పోవద్దు, అది రాగిని తినేస్తుంది.

హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం) ముక్కని ముందే వైరుకి ఎక్కించి, ఐరన్‌కి దూరంగా వెనక్కి జరపండి. తొడుగు 5 ఎంఎం ఒలిచి, పోగులు మెలిపెట్టి, లెడ్డు లోపలిదాకా ఇంకేలా పట్టించండి. పిన్ను వెనకున్న గుంటలో సగం దాకా లెడ్డు కరిగించి వైరు దించండి. రెండూ కలిసి కరిగి మెరిసినప్పుడు ఐరన్ తీసి, గట్టిపడేదాకా చెయ్యి కదపకండి. కదిలితే అతుకు బూడిదరంగులో గరుగ్గా మిగులుతుంది. దాన్ని మళ్లీ కరిగించాల్సిందే. ఎరుపు వైరు ప్లస్ గుర్తుకి, నలుపు మైనస్‌కి. టీ-ప్లగ్ రేకులు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక రెండిటికీ విడివిడిగా ష్రింక్ తప్పనిసరి.

మల్టీమీటర్ పెట్టకుండా కారుకి తగిలించవద్దు. మీటరుని బీప్ మోడ్‌లో పెడితే ప్లస్ నుంచి ప్లస్‌కి బీప్ రావాలి, ప్లస్ నుంచి మైనస్‌కి రాకూడదు. తర్వాత బ్యాటరీ వైపు మాత్రమే తగిలించి రెండో కొసన వోల్టేజి చూడండి. నిండుగా ఛార్జయిన 2ఎస్ (రెండు సెల్లుల) లైపో బ్యాటరీ 8.4 వోల్టులు చూపించాలి. అంకె ముందు మైనస్ వస్తే మీటరు తీగలు సరిచూసుకోండి. అవి సరిగానే ఉంటే వైర్లు తారుమారయ్యాయన్నమాట. అలాగే తగిలిస్తే ఈఎస్‌సీ అప్పటికప్పుడే కాలిపోతుంది.

రెండు బ్యాటరీలని కలిపే వై-కేబుల్ కొనేవాళ్లు సిరీసా, పారలలా అన్నది మీటరుతోనే తేల్చుకోండి. నిండుగా ఛార్జయిన రెండు 2ఎస్ బ్యాటరీలు సిరీస్‌లో 16.8 వోల్టులవుతాయి. 3ఎస్ వరకే తట్టుకునే ఈఎస్‌సీ దానికి ఆగదు. ఛార్జింగ్ కేబుల్‌కైతే బనానా ప్లగ్గుల్ని ముందు ఛార్జర్లో పెట్టి, ఆ తర్వాతే బ్యాటరీ తగిలించాలి. తీసేటప్పుడు ముందు బ్యాటరీ.

అంతర్వేది, ఓడలరేవు ఇసుకలో నడిపేవాళ్లకి ఉప్పుగాలితో ఇంకో బెడద. రాగి పచ్చబడి తొడుగు లోపలికి పాకుతుంది, పైకి ఏమీ తెలియదు. జిగురు పూసిన హీట్ ష్రింక్ వాడండి, ప్లగ్గు వెనక కొస కూడా దాని కిందికి రావాలి.

పది నిమిషాలు నడిపాక ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆ అడాప్టర్ పక్కన పెట్టి, ఈఎస్‌సీకే ఎక్స్‌టీ60 వేసేయండి. బ్యాటరీ ప్లగ్గే మార్చాల్సి వస్తే ఒక వైరు కోసి, అతికి, ష్రింక్ చేశాకే రెండోది కోయండి.