వీధి కళకు నిధులు – 3వ పాఠం: డబ్బు ఎవరి దగ్గర ఉంది?

గత పాఠంలో మీ ప్రాజెక్టు గురించి ఒక పేజీ రాసుకున్నారు: గోడ ఎక్కడుంది, ఎవరిది, బొమ్మ ఎవరు వేస్తారు, సుమారు ఎంత ఖర్చు. ఆ పేజీ దగ్గర పెట్టుకునే ఇది చదవండి.

చాలామంది "కళలకు గ్రాంట్లు ఎవరిస్తారు?" అని వెతుకుతారు. అలా వెతికితే దొరికే పేర్లు తక్కువ, వాటికోసం పోటీ పడేవాళ్లు ఎక్కువ. ప్రశ్న మార్చండి. ఈ పని జరిగితే ఎవరి బాధ్యత కొంత తీరుతుంది? స్థలం ఎవరిది, అక్కడి పిల్లల గురించి పట్టించుకోవాల్సింది ఎవరు, ఆ రోడ్డు ఎవరి పరిధిలో ఉంది? వాళ్ల బడ్జెట్లో కళ అనే పద్దు లేకపోయినా మీ పనికి సరిపోయే పద్దు ఉండొచ్చు.

లాస్ ఏంజెలెస్‌లో చిత్రకారిణి జూడీ బాకా నడిపించిన 'గ్రేట్ వాల్' చూడండి. వరద కాలువ గోడ మీద దాదాపు 840 మీటర్ల పొడవున సాగే చిత్రం అది. 1974లో ఆమెను పిలిచింది కళల సంస్థ కాదు, అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం. ఆ కాలువ పరిసరాలను బాగుచేసే పని వాళ్లది. 1976లో రంగులు వేయడం మొదలయ్యాక, కొన్ని వేసవుల్లో 400 మందికి పైగా యువత అందులో పనిచేశారు. వాళ్లలో పోలీసు కేసుల్లో చిక్కుకున్న పిల్లలు కూడా ఉన్నారు. అంటే ఒకే గోడ వరద నివారణ వాళ్ల పనీ అయింది, యువత సంక్షేమం చూసేవాళ్ల పనీ అయింది. ఇలా రెండు మూడు శాఖలకు సంబంధం ఉన్న ప్రాజెక్టు నాకు ఎప్పుడూ ఆశ కలిగిస్తుంది, ఒక తలుపు మూసుకున్నా ఇంకోటి ఉంటుంది కాబట్టి.

కొత్త కట్టడాల దగ్గర ఇంకో దారి ఉంది. నిర్మాణ ఖర్చులో ఒక శాతం కళకు కేటాయించాలనే నియమం ఫ్రాన్స్‌లో 1951లో పాఠశాల భవనాలతో మొదలైంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం 1959లో దానికి చట్టమే చేసింది. మీ దగ్గర అలాంటి నియమం ఉందేమో కనుక్కోండి. ఉంటే భవనం ప్లాన్ల దశలోనే వెళ్లాలి, పునాది పడ్డాక ఆ డబ్బు గురించి మాట్లాడటం చాలా కష్టం.

కంపెనీలనూ వదలొద్దు. భారతదేశంలో 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ జాబితాలో కళ, సంస్కృతి ఉన్నాయి.

జనం దగ్గర వసూలు చేయడం చిన్న పని అనుకోకండి. 1885లో లిబర్టీ విగ్రహం పీఠానికి డబ్బు చాలకపోతే జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో విరాళాలు అడిగాడు. ఎంత తక్కువ ఇచ్చినా పేరు అచ్చు వేస్తానన్నాడు. లక్షకు పైగా మంది కలిసి లక్ష డాలర్లు దాటించారు, ఎక్కువమంది ఇచ్చింది డాలర్ లోపే. పెద్ద సంస్థకు దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా అలాంటి చిన్న విరాళాల జాబితా బలమైన రుజువు, ఈ బొమ్మ అక్కడివాళ్లకు కావాలని అది చెబుతుంది.

గ్రాంటు ప్రకటన దొరకగానే దరఖాస్తు నింపడం మొదలుపెట్టకండి. ముందు అర్హత చూడండి: వ్యక్తులకు ఇస్తారా, రిజిస్టర్ అయిన సంస్థలకేనా? మీకు సంస్థ లేకపోతే, డబ్బు తమ ఖాతాలో తీసుకుని లెక్క చూపడానికి ఒప్పుకునే సంస్థను వెతుక్కోవాలి. తర్వాత డబ్బు ముందే ఇస్తారా, ఖర్చయ్యాక బిల్లులు చూసి ఇస్తారా అన్నది. రెండోదైతే రంగులకు, పరంజాకు చేతి నుంచి పెట్టాలి, చిన్న బృందాలు చితికిపోయేది అక్కడే. ఇక మ్యాచింగ్ షరతు: వాళ్లిచ్చేదానికి సమానంగా మీరూ తేవాలి. అమెరికా జాతీయ కళల సంస్థ ఎన్‌ఈఏ చాలా గ్రాంట్లకు ఇదే అడుగుతుంది. స్వచ్ఛంద శ్రమకు, ఉచితంగా వచ్చిన సామానుకు విలువ కట్టి మీ వాటాలో చూపనిస్తారేమో అడగండి.

ఆ సంస్థ గతంలో ఎవరికి ఇచ్చిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఎంతెంత ఇచ్చారో చూసి మీ మొత్తం సరిచేసుకోండి. ఆపైన అక్కడ గ్రాంట్ల వ్యవహారం చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. టెన్షన్ పడక్కర్లేదు, సందేహాలు తీర్చడం వాళ్ల ఉద్యోగంలో భాగం.

ఈ వారం అభ్యాసం: మీ పేజీ కింద, మీ పని వల్ల బాధ్యత తీరే శాఖలు, సంస్థలు ఐదు రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా, వాళ్ల మాటల్లోనే, మీ గోడ వాళ్లకు ఏ పని చేసిపెడుతుందో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే పేరు కొట్టేయండి. మిగిలిన పేర్లతోనే వచ్చే పాఠంలో బడ్జెట్ వేద్దాం, గోడ యజమాని అనుమతి పత్రం కూడా అప్పటికి సంపాదించి పెట్టుకోండి.