సి. డిఫిసిల్ వాహకుల కోసం స్క్రీనింగా? స్వాబ్ పట్టుకునే ముందు

వార్డులో లక్షణాలు లేకుండా క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ (సి. డిఫిసిల్, విరేచనాలు తెచ్చే పేగు బ్యాక్టీరియా) మోస్తున్నవారిని, అంటే వాహకుల్ని, వెతికే ముందు:

- పాజిటివ్ వచ్చింది కదా అని యాంటీబయాటిక్ రాసేయొద్దు. విరేచనాలే లేని మనిషికి వాంకోమైసిన్ ఇస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది, మందు ఆపాక క్రిమి మళ్లీ కనబడొచ్చు. ఈ వెతుకులాట వ్యాప్తిని ఆపడానికి, వైద్యానికి కాదు.

- మలద్వారంలో పెట్టి తీసే దూదిపుల్లకు, అంటే రెక్టల్ స్వాబ్‌కు మలం అంటిందో లేదో చూడండి. తెల్లగా బయటికొస్తే నెగటివ్‌ను నమ్మలేం.

- టాక్సిన్ (క్రిమి వదిలే విషం) పరీక్ష ఒక్కటే చాలదు, వాహకుల్లో చాలామంది దానికి దొరకరు. పీసీఆర్ (క్రిమి జన్యువును పట్టే పరీక్ష) గానీ టాక్సిజెనిక్ కల్చర్ (క్రిమిని పెంచి, అది విషం చేస్తుందో లేదో చూసే పరీక్ష) గానీ అడగండి.

- న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) బాగా తగ్గిన రోగికి స్వాబ్ వద్దు. మల నమూనా చాలు.

- ఏడాది లోపు పిల్లల్ని వదిలేయండి, వాళ్లలో ఇది మామూలే.

- చేతులకు సబ్బు, నీళ్లు. ఆల్కహాల్ రబ్‌కు స్పోర్లు (ఈ క్రిమి గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపం) చావవు (తెలిసీ మరిచిపోతాం).