వానల ముందు టాపెట్లు: మీరే పట్టుకోవాలా, మెకానిక్‌కి వదిలేయాలా?

దాళ్వా కోతలయ్యాక, సార్వా పనులు మొదలయ్యే లోపు దొరికే మే నెలాఖరు రోజులే బైకు టాపెట్లు, అంటే ఇంజన్ వాల్వులకీ వాటిని నొక్కే రాకర్లకీ మధ్య ఉండాల్సిన సన్నటి గ్యాప్, చూసుకోవడానికి అనువైనవి. జూన్ మధ్యకల్లా వానలు పట్టుకుంటాయి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంకల దారుల్లో కాజ్‌వేలు మునుగుతాయి. అప్పుడు బురద బండిని చూరు కింద పెట్టి ఇంజన్ హెడ్ మూతలు విప్పడం కంటే, ఇప్పుడే ఒక పొద్దున్న కూర్చుని చూసుకోవడం నయం.

అసలు మీ బండి మీరు ముట్టుకోదగ్గదేనా అన్నది ముందు తేల్చుకోండి. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బళ్లలో రాకర్ చివర చిన్న స్క్రూ, దాని మీద లాక్‌నట్ ఉంటాయి. ఓపిక ఉన్నవాళ్లెవరైనా ఇవి చేసుకోవచ్చు. డ్యూక్ 390 లాంటి వాటిలో గ్యాప్ మార్చాలంటే లోపలి షిమ్ బిళ్లలే మార్చాలి. దానికి వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టులు విప్పాల్సి వస్తే, తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ ఒక్క పన్ను తప్పినా వాల్వు వెళ్లి పిస్టన్‌కి తగలొచ్చు. వాటిని సర్వీస్ సెంటర్‌కే వదిలేయండి. 2009 నుంచి 2020 దాకా వచ్చిన క్లాసిక్ 350 లోవి హైడ్రాలిక్ టాపెట్లు, ఆయిల్ ఒత్తిడితో గ్యాప్‌ని తామే సరిచేసుకుంటాయి, అక్కడ మీరు చేసేదేమీ లేదు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి ఫీలర్ గేజే (సన్నటి రేకులతో గ్యాప్ కొలిచేది) అక్కర్లేదు: చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ (రాకర్‌ని తోసే కడ్డీ) వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. ఇక వారంటీలో ఉన్న బండి ఏదైనా సరే, మీరు చెయ్యి పెట్టకండి.

ఎక్కువమంది మోసపోయేది చప్పుడు దగ్గర. టకటకమంటోందని బండి తీసుకెళ్లి "కొంచెం సౌండ్ తగ్గించు" అంటారు, మెకానిక్ చెవితో విని స్క్రూ బిగిస్తాడు. చప్పుడు పోతుంది, గ్యాప్ కూడా పోతుంది. గ్యాప్ లేని ఎగ్జాస్ట్ వాల్వు సీటు (హెడ్‌లో వాల్వు ఆనే అంచు) మీద పూర్తిగా కూర్చోదు. వాల్వు తన వేడిని హెడ్‌లోకి వదిలేది ఎక్కువగా ఆ సీటు ద్వారానే కాబట్టి, అది కూర్చోకపోతే అంచు కాలిపోతుంది. పైగా వాడుతున్నకొద్దీ వాల్వు సీటులోకి దిగి గ్యాప్ ఇంకా తగ్గే అవకాశమే ఎక్కువ. పాల క్యాన్లో, చేపల ట్రేలో కట్టుకుని రెండో గేరులో కాలవగట్ల మీద తిరిగే బళ్లకి ఇది మరీ తొందరగా వస్తుంది. గుర్తులు: పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొండికేయడం, ఐడిలింగ్ నిలవకపోవడం, సైలెన్సర్‌లో టప్ టప్ మనడం, కిక్కు కొడితే ఎదురు తగలకుండా మెత్తగా దిగిపోవడం. ఇవేవీ టాపెట్ టకటకలా వినపడే రకం కాదు. సన్నగా, ఒకే లయలో టిక్‌టిక్ మనే టాపెట్‌తో కంగారు లేదు, నోరు మూసుకున్న టాపెట్‌నే అనుమానించండి.

పని సరంజామా తక్కువే. ఫీలర్ గేజ్, స్క్రూని తిప్పే టాపెట్ కీ, మీ లాక్‌నట్‌కి సరిపడే రింగ్ స్పానర్, ఇంజన్‌ని చేత్తో తిప్పడానికి మాగ్నెట్ నట్‌కి సరిపడే సాకెట్, టాపెట్ మూతలకి కొత్త ఓ-రింగులు. గేజ్ కొనేటప్పుడు మీ మాన్యువల్‌లో ఉన్న అంకె రేకు అందులో ఉందో లేదో చూసుకోండి. చిన్న బళ్లలో ఈ గ్యాప్ సాధారణంగా 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్య ఉంటుంది, కానీ మోడల్‌ని బట్టీ, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్‌లని బట్టీ మారుతుంది. పక్కింటి బండి అంకె మీకు పనికిరాదు. 0.08 రేకు లేకపోతే 0.05, 0.03 కలిపి వాడొచ్చు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఈ రేకులు ఇట్టే తుప్పు పడతాయి. తుప్పు రేకు తప్పు కొలత చెబుతుంది కాబట్టి, వాడాక నూనె రాసి దాచండి.

మాన్యువల్ అంకె చల్లటి ఇంజన్‌కి చెప్పినది, చాలావాటిలో 35 డిగ్రీల లోపు అని రాసే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మన దగ్గర నీడలో ఉన్న ఇంజన్ కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది. రాత్రంతా ఆపి ఉంచి, తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టండి. దారిలో ఆపి వేడి మీద సెట్ చేయించుకున్నది లెక్కలోకి రాదు.

మూత విప్పే ముందు హెడ్ చుట్టూ డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో కడగండి. స్ప్లెండర్‌లో సిలిండర్ పడుకుని ఉంటుంది కాబట్టి ఇన్‌లెట్ మూత పైన, ఎగ్జాస్ట్ మూత కింద ఉంటాయి. ముందు చక్రం చిమ్మిన బురదంతా ఆ కింది మూత చుట్టూనే గట్టిపడుతుంది. ఒక్క ఇసుక రేణువు లోపలికి పోయినా ఆయిల్‌తో పాటు తిరుగుతుంది. పోగులు ఊడే గుడ్డ వాడకండి. కింది మూత తీస్తే కొంచెం ఆయిల్ కారుతుంది, గిన్నె పెట్టుకోండి.

బండిని సెంటర్ స్టాండు మీద, న్యూట్రల్‌లో ఉంచి ప్లగ్ తీసేయండి, ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. ఎడమ పక్క మాగ్నెట్ కవర్ మీదున్న రెండు మూతలూ తీసి, లోపలి మాగ్నెట్ నట్‌ని మాన్యువల్ చెప్పిన వైపే తిప్పుతూ, పిస్టన్ పైకొచ్చిందని చెప్పే టి గుర్తును కవర్ మీది గాడికి ఎదురుగా తెండి. పక్కనే ఉండే ఎఫ్ గుర్తు ఇగ్నిషన్‌ది, పొరబడకండి. గాడి దాటిపోతే వెనక్కి తిప్పకుండా మళ్లీ రెండు చుట్లు ముందుకే తిప్పండి. ఇప్పుడు రెండు రాకర్లూ వేళ్లకి కొంచెం ఆడాలి. బిగుసుకుని ఉంటే అది రెండు వాల్వులూ మూసి ఉండే కంప్రెషన్ స్ట్రోక్ కాదు, ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. అలా కాక అక్కడే సెట్ చేస్తే బండి స్టార్టవగానే గణగణా మోగుతుంది.

సరైన రేకు కొంచెం ఒరుసుకుంటూ కదలాలి, దాని పై సైజు రేకు అసలు దూరకూడదు. స్క్రూని తిప్పేది పిసరంతే. మర అంతరం (ఒక్క చుట్టుకి జరిగే దూరం) 0.5 మి.మీ. ఉన్న స్క్రూని పావు చుట్టు తిప్పితే 0.125 మి.మీ. జరుగుతుంది, అంటే మీకు కావలసిన మొత్తం గ్యాప్ కంటే ఎక్కువ! కీతో స్క్రూని కదలకుండా పట్టుకుని లాక్‌నట్ బిగించండి, మణికట్టు బలం చాలు. నట్ బిగిసేటప్పుడు స్క్రూ తిరగడం మామూలే, అందుకే రేకు మళ్లీ పెట్టి చూడాలి. తర్వాత ఇంజన్‌ని రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూడండి.

రేకు ప్రకారం గ్యాప్ సరిగ్గా ఉన్నా చప్పుడు తగ్గకపోతే ఇంకా బిగించకండి. స్క్రూ కొన గుంట పడి ఉండొచ్చు. అప్పుడు రేకు ఆ గుంట మీద వంతెనలా నిలబడి, అసలు గ్యాప్ కంటే తక్కువ చూపిస్తుంది. లేదా అది క్యామ్ షాఫ్టుని తిప్పే టైమింగ్ చైన్ చప్పుడు కావచ్చు. రాకర్ అరిగినా, స్క్రూ మర పోయినా, కొద్ది రోజులకే గ్యాప్ మళ్లీ మూసుకుపోయినా ఇక మెకానిక్ పనే. కొలిచే ముందు గేజ్ చూపించమని అడగండి, చూపించలేని చోట విప్పించకండి.

మూతలు పెట్టేటప్పుడు పాత ఓ-రింగు బాగానే ఉందని సరిపెట్టుకోకండి. వేడి ఇంజన్ వరద నీళ్లలోకి దిగితే ఒక్కసారిగా చల్లారి, లోపలి గాలి కుంచించుకుపోయి, పగిలిన రింగు పక్కనుంచి నీళ్లు లాక్కుంటుంది. కొత్త రింగుకి ఆయిల్ రాసి, మూతని ముందు చేత్తోనే మర ఎక్కించండి. అల్యూమినియం మర చెడితే ఖర్చు హెడ్ దాకా పోతుంది. మాగ్నెట్ కవర్ మూతలకీ ఇదే పద్ధతి. నీళ్లలో దిగివచ్చిన మర్నాడు ఆయిల్ తెల్లగా, మజ్జిగలా కనిపిస్తే బండి స్టార్ట్ చేయకుండా ఆయిల్ మార్పించండి.