తెలుగు ‘కొను’ నుంచి స్పానిష్ ‘సె’ వరకు

స్పానిష్ ఆత్మార్థక క్రియలను, అంటే చేసే పని చేసేవారికే వర్తిస్తుందని తెలిపే క్రియలను, చూసి తెలుగువారు జంకనవసరం లేదు. ‘కడగడం’, ‘కడుక్కోవడం’ అనే మాటల మధ్య తేడా మన నోటికి చిన్ననాటి నుంచే అలవాటు. స్పానిష్‌లో ‘లవార్’ అంటే కడగడం, చివర ‘సె’ చేరిన ‘లవార్సె’ అంటే కడుక్కోవడం. ‘మె లవో లాస్ మానోస్’ అంటే ‘చేతులు కడుక్కుంటాను’ అని అర్థం. మనం ‘నా చేతులు’ అని ప్రత్యేకంగా చెప్పనట్టే వారూ చెప్పరు, ఎందుకంటే ఆ చేతులు ఎవరివో ‘మె’ అప్పటికే తెలియజేసింది.

అయితే ‘కడుక్కోవడం’లో ‘కో’గా వినిపించే మన ‘కొను’ క్రియలోనే కలిసిపోతుంది, స్పానిష్ ‘సె’ మాత్రం సర్వనామం కాబట్టి కర్తను బట్టి మారుతుంది. ‘నేను’కు ‘మె’, ‘నువ్వు’కు ‘తె’, ‘మేము’, ‘మనము’ రెండింటికీ ‘నోస్’, అతడు, ఆమె, వారు, మర్యాదపూర్వకమైన ‘మీరు’ అన్నింటికీ ‘సె’ వాడాలి. స్పెయిన్‌లో చనువున్న పలువురితో మాట్లాడేటప్పుడు ‘ఓస్’ అంటారు, లాటిన్ అమెరికాలో అక్కడా ‘సె’యే వినిపిస్తుంది. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే కనుక క్రియను విడిగా కాక ‘మె లవో, తె లవాస్, సె లవా, నోస్ లవామోస్’ అని జంటగానే వల్లె వేయడం మంచిది.

ఈ సర్వనామం కాలాన్ని, పురుషను తెలిపే క్రియకు ముందు విడిగా నిలుస్తుంది. క్రియ మూలరూపానికి, ‘చేస్తూ’ వంటి రూపానికి, ‘చెయ్యి’ అనే ఆజ్ఞకు మాత్రం చివర అతుక్కుంటుంది. అందుకే ‘కడుక్కో’ అనడానికి ‘లావతె’ అనీ, ‘కడుక్కోవద్దు’ అనడానికి ‘నో తె లవెస్’ అనీ అంటారు. ‘స్నానం చేయబోతున్నాను’ అనే అర్థంలో ‘మె వోయ్ ఆ దుచార్’, ‘వోయ్ ఆ దుచార్మె’ రెండూ సరైనవే.

పరస్పరార్థంలోనూ పోలిక చక్కగా కుదురుతుంది: ‘సె ఎస్క్రీబెన్’ అంటే వారు ఒకరికొకరు రాసుకుంటారు. అలాగని ‘కొను’ను ప్రతిచోటా నమ్మకూడదు. ‘నేర్చుకోవడం’ స్పానిష్‌లో ‘సె’ లేని ‘అప్రెందేర్’. మనం మామూలుగా ‘లేవడం’ అనేది అక్కడ ‘లెవంతార్సె’, ఎందుకంటే ‘లెవంతార్’ అంటే లేపడం.

కొన్ని క్రియలలో ‘సె’ మన ‘పోవు’, ‘వేయు’ల పని చేస్తుంది. ‘ఈర్’ వెళ్ళడం, ‘ఈర్సె’ వెళ్ళిపోవడం. ‘కొమేర్’ తినడం, ‘కొమేర్సె’ మిగల్చకుండా తినేయడం. స్పానిష్ మాట్లాడేవారు సెలవు తీసుకుంటూ ‘మె వోయ్’ అంటే, అది మనం గడప దగ్గర చెప్పే ‘వెళ్ళొస్తాను’ వంటిదే.