ద్విపద సంభావ్యత తోకని లెక్కేస్తే కోడ్ సున్నా ఎందుకిస్తుంది, ఏం చేయాలి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో సర్వర్ అలర్టులు రాసే మనవాళ్లకి తగిలే లెక్కే ఇది. లక్ష రిక్వెస్టులు వచ్చాయి, ఒక్కోటి ఫెయిలయ్యే అవకాశం 0.01. సగటున వెయ్యి ఫెయిలవ్వాలి, ఇవాళ 1300 అయ్యాయి. 1300 గానీ అంతకు మించి గానీ అయ్యే సంభావ్యత ఎంత? ద్విపద (బైనామియల్) సంభావ్యత తోక అంటే ఇదే. అసలు జవాబు సుమారు 4×10⁻²⁰. సాదాగా రాసిన కోడ్ సున్నా అంటుంది, ఒక్కోసారి మైనస్ అంకె కూడా చూపిస్తుంది.

ఫ్యాక్టోరియల్‌తో మొదలుపెడితే మొదటికే మోసం. డబుల్‌లో (కంప్యూటర్ దశాంశ సంఖ్యలు దాచుకునే 64 బిట్ల రూపం) పట్టే పెద్ద సంఖ్య సుమారు 1.8×10³⁰⁸. 170 ఫ్యాక్టోరియల్ పడుతుంది, 171 పట్టదు. పోనీ సున్నా ఫెయిల్యూర్ల దగ్గర మొదలెట్టి ఒక పదం (సరిగ్గా ఇన్నే ఫెయిలయ్యే సంభావ్యత) నుంచి తర్వాతి పదం తెచ్చుకుందామంటే, 0.99ని లక్షసార్లు గుణించాలి. అది 10⁻⁴³⁶ కన్నా చిన్నది. డబుల్ 10⁻³²⁴ దగ్గరే చేతులెత్తేస్తుంది. మొదటి పదం సున్నా అయ్యాక దాన్ని దేనితో గుణించినా సున్నాయే.

ఎక్కువమంది చేసే తప్పు మాత్రం 1299 దాకా కూడి, దాన్ని 1లోంచి తీసేయడం. 1కి దిగువన డబుల్ గుర్తుపట్టే కనీస తేడా 1.1×10⁻¹⁶. మన తోక దానికన్నా వేల రెట్లు చిన్నది. వే బ్రిడ్జి మీద ఉంగరం తూచినట్టే.

లైబ్రరీ ఉంటే అదే వాడండి. పైథాన్ లైబ్రరీ సైపైలో బైనామ్ కింద ఎస్‌ఎఫ్ ఫంక్షన్ ఉంది. అది "అంతకంటే ఎక్కువ" అనే లెక్క కాబట్టి 1300 కాదు, 1299 ఇవ్వాలి. ఆర్ భాషలో పీబైనామ్‌కి కూడా 1299 ఇచ్చి, లోయర్ టెయిల్‌ని ఫాల్స్ చేయండి. రెగ్యులరైజ్డ్ ఇన్‌కంప్లీట్ బీటా ఫంక్షన్ మాత్రమే చేతిలో ఉంటే ఏ 1300, బీ 98701, ఎక్స్ 0.01.

సొంతంగా రాయాల్సి వస్తే తోక మొదలయ్యే చోటే, అంటే 1300 దగ్గరే మొదలుపెట్టండి. ఆ ఒక్క పదాన్నీ లాగ్‌లో (సహజ సంవర్గమానంలో), ఫ్యాక్టోరియల్ లాగ్‌ని నేరుగా ఇచ్చే ఎల్‌గామా ఫంక్షన్‌తో లెక్కించండి. పి అంటే ఒక్కోటి ఫెయిలయ్యే అవకాశం; 1 − పి లాగ్‌కి లాగ్1పీ ఫంక్షన్‌కి −పి ఇచ్చి వాడాలి. పి 10⁻¹⁰ లాంటిదైతే మామూలు లాగ్‌లో నమ్మదగిన అంకెలు ఆరేడే మిగులుతాయి. ఎన్ మొత్తం రిక్వెస్టులు, కె ఫెయిలైనవి అనుకుంటే, తర్వాతి పదం = ఇప్పటి పదం × (ఎన్ − కె) ÷ (కె + 1) × పి ÷ (1 − పి). కొత్త పదం మొత్తంలో 10⁻¹⁷ వంతు కన్నా తగ్గాక ఆపేయండి. ఇక్కడ సుమారు 120 పదాలకే పని అయిపోతుంది. కె సగటుకి కింద ఉండి కింది తోక కావాలంటే అదే పని వెనక్కి.

ఇక్కడా ఒక చిక్కుంది. లక్ష ఫ్యాక్టోరియల్ లాగ్ 10,51,299.22 దాకా ఉంటుంది. డబుల్‌కున్న 16 అంకెల్లో ఏడు దశాంశ బిందువుకి ముందే ఖర్చు. మిగిలిన తొమ్మిదే జవాబులో నికరం. అలర్టుకి అది చాలా ఎక్కువే. ఎన్ వంద కోట్లయితే ఐదారుకి పడిపోతుంది. అప్పుడు ఆర్‌లోని డీబైనామ్ (సరిగ్గా కె ఫెయిలయ్యే సంభావ్యత ఇచ్చే ఫంక్షన్) వాడే పద్ధతి మేలు. అది కేథరీన్ లోడర్ 2000లో ఇచ్చింది, ఆ పెద్ద లాగ్‌ల తీసివేతే అందులో ఉండదు.

సరిచూడటానికి ఎన్ 50, 200 లాంటి చిన్న విలువలతో పైథాన్ ఫ్రాక్షన్ (భిన్నాల్ని కచ్చితంగా లెక్కించేది), మ్యాత్ కాంబ్ (ఎన్నిరకాలుగా ఎంచుకోవచ్చో ఇచ్చేది, పైథాన్ 3.8 నుంచి ఉంది) వాడి కచ్చితమైన జవాబు తీయండి. ఫ్రాక్షన్‌కి 1/100 ఇవ్వకండి, 0.01 అనే డబుల్‌నే ఇవ్వండి. మీ కోడ్‌కి అందేది సరిగ్గా నూరో వంతు కాదు.